గంధకం వత్తి, తెల్ల మబ్బు

ఇంటి నుంచి, వంటింటి కిటికీ పక్కన

ఉడతా,

నీ ఉత్తరం అందింది. అందగానే చదవలేదు. ఉత్తరం మందంగా ఉంటే ఏదో జరిగిందని, పల్చగా ఉంటే ఏదో దాస్తున్నావని నాకు భయం. నీది మధ్యరకంగా ఉంది. దాంతో ఇంకా గాబరా పుట్టి, మీ అమ్మ కుట్టుమిషన్ ఆపేదాకా ఒళ్ళో పెట్టుకు కూర్చుని, తన ఎదుటే చింపాను. "ఫోన్లో మాట్లాడితే పోయేదానికి అమ్మమ్మకీ మనవరాలికీ ఈ రాతకోతలేంటో" అంది మీ అమ్మ. ఫోన్లో నాకు సగం వినపడదు. వినపడని సగంలోనే ఏదో ఉందనిపిస్తుంది. కాగితం మీదయితే మళ్ళీ మళ్ళీ చదువుకుని తీరిగ్గా భయపడొచ్చు.

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. గది రెండో అంతస్తులో అన్నావు. కిటికీకి ఊచలున్నాయా? తలుపుకి లోపలి గడియ సరిగ్గా పడుతోందా? పడినా ఒక కుర్చీ అడ్డం పెట్టుకో.

అయినా మబ్బుల్ని చదవడమేంటే? నాకు తెలిసిన మబ్బు విద్యంతా ఆరేసిన బట్టల దగ్గరే. ఆకాశంలో నల్లగా ఒక ముక్క కనిపిస్తే మేడెక్కి అన్నీ తీసేస్తాను. వాన రాదు. మీ అమ్మ తిట్టుకుంటూ మళ్ళీ ఆరేస్తుంది. నేను మళ్ళీ తీస్తాను. ఇక్కడి మబ్బులు చాలక గురుగ్రహం మబ్బులు కావలసి వచ్చాయా నీకు? అక్కడ ఎవరి బట్టలు తడుస్తాయని?

ఇంకొక్క మాట. నీ ఉత్తరంలో "అమోనియా" అని రాశావు. నా చదువు మూడో తరగతితో సరి, ఇంగ్లీషు మాటలు నాలుగు వస్తే గొప్ప. ఆ నాలుగింట్లో ఇదొకటి. మీ తాత నోట మీ అమ్మ పేరుకంటే ఎక్కువసార్లు విన్న మాట. ఆ అమోనియా, నీ అమోనియా ఒకటేనా? కాదని రాయి.

అమ్మమ్మ

*

ప్రయోగశాల, కింది అంతస్తు

అమ్మమ్మా,

కిటికీకి ఊచలున్నాయి. గడియ పడుతోంది. కుర్చీ కూడా అడ్డం పెట్టాను, పొద్దున్నే దాన్ని తన్నుకుని పడ్డాను. తింటున్నాను. నువ్వడగబోయేవన్నీ అడక్కముందే చెప్పేశాను కదా?

ఒకటే అమ్మమ్మా. అదే అమోనియా. కాదని రాయమన్నావు గానీ ఎలా రాయను?

గురుగ్రహం మీద నేల లేదు. కాలు పెట్టడానికి చోటే లేని ఊరనుకో. మబ్బు కింద మబ్బు, దాని కింద ఇంకో మబ్బు. అన్నింటికన్నా పైనున్నది అమోనియా గడ్డకట్టిన మంచు. ఇక్కడ మా దగ్గర మనిషెత్తు ఉక్కు కుండ ఒకటుంది. దాన్ని బాగా చల్లబరిచి, లోపలికి అమోనియా ఆవిరి వదిలి, ఆ మబ్బుని చిన్న ముక్కంత మేం తయారుచేస్తాం. కుండకి గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి వెలుగు పంపి, వ్యోమనౌక చూసిన మబ్బూ మా మబ్బూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూస్తాం. మాది మల్లెపువ్వులా తెల్లగా వస్తుంది. అక్కడిదేమో మాసిన దుప్పటిలా ఉంటుంది. ఎందుకలా అన్నదే మా తగువు.

తాత ఐసు ఫ్యాక్టరీలో పనిచేశారని తెలుసు గానీ నువ్వెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చెప్పు. పెద్ద ఉత్తరం రాయి, కానీ గాబరా పడేంత మందంగా వద్దు.

ఉడత

*

ఇంటి నుంచి, మేడ మెట్ల మీద

ఉడతా,

ఒకటేనని రాశావు. ఆ పూటంతా నాకు ఏ పనీ సాగలేదు. భయమని కాదు, అది ఎలాగూ ఉంది. ఆ మాట చదవగానే ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ వాసన ముక్కులోకొచ్చి కూర్చుంది.

నువ్వు పుట్టేసరికే ఫ్యాక్టరీ మూసేశారు. మేం దాని వెనకగోడకి ఆనుకున్న రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కాపురానికొచ్చిన కొత్తలో మీ తాత డ్యూటీ దిగి గుమ్మంలో నిలబడగానే నా కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. ఆయన కంగారుపడి "పుట్టింటి మీద బెంగా?" అన్నారు. "కాదు, మీ చొక్కా" అన్నాను. ఎంత నవ్వారో! "మీవాళ్ళు ఏడిపించని మొగుణ్ణి వెతికామనుకున్నారు పాపం, నేను గడపలో అడుగైనా పెట్టకుండానే ఏడిపించేశాను" అని వీధంతా చెప్పుకు తిరిగారు. తర్వాత తర్వాత ఆ చొక్కా ఉతకబుద్ధి కాని రోజులు కూడా ఉన్నాయి. అది నీకెందుకులే.

మండుటెండలో క్యారియర్ పట్టుకుని వెళ్ళేదాన్ని. బయట చెప్పులు కాలేవి, లోపల పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఉప్పునీళ్ళ తొట్టిలో పొడుగాటి డబ్బాలు వరసగా మునిగి ఉండేవి. గొలుసు వేసి ఒక్కొక్కటీ పైకి లాగి, మంచినీళ్ళలో ఒక ముంచు ముంచి ఒంచితే, దిమ్మ సర్రున జారి చెక్క మీద పడేది. అద్దంలాంటి దిమ్మ, నడిమధ్యన మాత్రం తెల్లగా ఒక చార. మీ అమ్మ చిన్నప్పుడు దానికి బుగ్గ ఆనించి "లోపల మబ్బు ఇరుక్కుంది నాన్నా" అనేది. ఆయన రంపపు పొట్టు కప్పుతూ "ఇంటికి పోయేదాకా దానికి నిద్ర, లేపకు" అనేవారు.

గొట్టాల మీద మంచు దూదిలా పట్టేది. నేను గోటితో దాని మీద అక్షరాలు రాసేదాన్ని. మూడో తరగతి చదువు నాకు ఇంకా మిగిలిందంటే ఆ గొట్టాల పుణ్యమే. తప్పు రాస్తే మీ తాత చేత్తో చెరిపేవారు కాదు. దగ్గరగా వొంగి ఆ ఒక్క అక్షరం మీద వెచ్చగా ఊదేవారు. అది కరిగిపోయేది. మిగతావి ఉండేవి.

పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఆయన ఇంకొకటి చేసేవారు. గంధకం పూసిన వత్తిని ఇనప చువ్వ చివర పెట్టి అంటించి, గొట్టం గొట్టానికీ కలిసే ప్రతి కీలు దగ్గరా తిప్పుకుంటూ వెళ్ళేవారు. ఎడమచెయ్యి గోడకి ఆనించి గుమ్మం దగ్గర బయల్దేరి, మళ్ళీ గుమ్మం దగ్గరే తేలడం. గొట్టం బాగుంటే ఏమీ ఉండదు. ఎక్కడైనా సన్నగా కారుతోందా, అక్కడ ఉన్నట్టుండి తెల్లటి మబ్బు పుట్టేది. "దొరికావే దొంగా" అనేవారు దానితో. గుమ్మం పక్కన మేకుకి తడి తువ్వాలు ఒకటి ఎప్పుడూ వేలాడాలి, ఘాటు కమ్మితే ముక్కుకి చుట్టుకోవడానికి. అది ఆరకూడదు. అలవాటు పోక, మన వంటింట్లో కూడా మేకుకి తడి తువ్వాలు వేస్తాను. గోడ చెమ్మెక్కుతోందని మీ అమ్మ గొణుగుతుంది గానీ ఎందుకు వేస్తావని ఎప్పుడూ అడగలేదు.

మీ తాత గుండె ఆగి పోయారు, నీకు తెలిసిందే. అమోనియాతో ఏ సంబంధమూ లేదు. నీ దగ్గర తువ్వాలుందా?

అమ్మమ్మ

*

ప్రయోగశాల, కింది అంతస్తు

అమ్మమ్మా,

కోప్పడకు, నీ ఉత్తరంలో వత్తి సంగతి మా పెద్దసారుకి చదివి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎందుకో తెలుసా? గురుగ్రహం మీద పై అంతస్తు అమోనియా మంచని చెప్పాను కదా. అడుగున మనకున్నటువంటి నీటి మబ్బు ఉంటుందంటారు. ఆ రెంటికీ మధ్య అంతస్తులో ఏముంటుందనుకున్నావు? అమోనియా, గంధకం కలిసిన మబ్బు! దాన్ని నేరుగా చూసినవాళ్ళు లేరు, లెక్కలు చెబుతున్న మాట అది. తాత వత్తి దగ్గర పుట్టింది అచ్చం అదే కాకపోయినా దగ్గరి చుట్టమే. "మీ తాత మనకంటే సీనియర్ అన్నమాట" అన్నారు సారు.

ఇప్పుడు నా పని విను. గురుగ్రహం మీద కొన్నిచోట్ల ఉండాల్సినంత అమోనియా కనబడటం లేదు. ఎటు పోయింది? పెద్ద తుఫాను లేచినప్పుడు కింది నీటి మంచు బాగా పైకి ఎగిరి, అక్కడి అమోనియా ఆవిరిని మింగి, మెత్తటి వడగళ్ళై లోతుకి రాలిపోతోందని ఒక ఊహ. ఐసు, అమోనియా కలిసి ఆకాశంలోంచి పడటం! మీ ఫ్యాక్టరీ అంతా వానగా కురుస్తోందనుకో. అంత చలిలో మంచు గింజ నిజంగా ఆవిరిని మింగుతుందా లేదా అన్నది మా కుండలో చూడాలి. చూసేది నేనే.

ఉడత

*

ఇంటి నుంచి, కిటికీ పక్కన

ఉడతా,

వడగళ్ళ ముచ్చట బాగుంది. మీ తాత వింటే మూడు వీధులు చెప్పుకు తిరిగేవారు. సారుకి నమస్కారం చెప్పు. నువ్వు మాత్రం నాకు మాటివ్వు. ఆ వాసన వస్తే పరిగెత్తు. వచ్చిన వాసన ఉన్నట్టుండి రాకపోతే ఇంకా గట్టిగా పరిగెత్తు, ముక్కు మొద్దుబారిందన్నమాట. నన్ను పిరికిదాన్నని నవ్వుకో, ఫరవాలేదు.

తువ్వాలు సంగతి నువ్వు రాయలేదు.

అమ్మమ్మ

*

గది నుంచి

అమ్మమ్మా,

జవాబు ఆలస్యమైంది, పని ఎక్కువైంది. కాస్త జలుబు చేసింది. కళ్ళు మంట, గొంతు బొంగురు, అంతే. గాబరా పడకు. అమ్మకి చెప్పకు. తర్వాత వివరంగా రాస్తాను.

ఉడత

*

ఇంటి నుంచి

ఉడతా,

ఉత్తరం రాయడానికి గొంతెందుకే? నీ గొంతు బొంగురుపోయిందని ఈ చెవిటిదానికి చెప్పాల్సిన అవసరమేముంది? ఫోన్లో మీ అమ్మ నీ గొంతు వింటే పోల్చుకుంటుందని ముందుగా కట్టుకున్న గోడ కదూ అది? ప్రయోగశాల నుంచి రాసేదానివి, గది నుంచి రాశావు. అక్షరాలు చిన్నపిల్ల రాతలా ఇంతింతలేసి ఉన్నాయి.

నీకొకటి చెబుతాను. ఎవరికీ చెప్పనిది. మీ తాత గుండె ఆగి పోలేదు. ఆ రోజు ఫ్యాక్టరీలో గొట్టం కీలు ఊడింది. అందర్నీ బయటికి తోలేసి, వాల్వు కట్టడానికి ఆయన ఉండిపోయారు. మేకు మీది తువ్వాలు ఇంకొకడి మొహాన వేసి పంపారు. తన కాళ్ళ మీద తనే ఇంటికి నడిచొచ్చారు. మంచినీళ్ళడిగారు. కళ్ళు అలా ఉన్నాయేమంటే "జలుబు చేసినట్టుందోయ్, గాబరా పడకు" అన్నారు. నేను పడలేదు. అప్పట్లో నాకు గాబరా పడటం సరిగా రాదు. వేడినీళ్ళు కాచిచ్చి పనిలో పడ్డాను. వారం తిరక్కుండా పోయారు.

మీ అమ్మ చిన్నపిల్ల. పొద్దున లేస్తే ఆ ఫ్యాక్టరీ గోడే చూడాలి. ఆ గోడంటే దానికి దడ పట్టకూడదని గుండె అని చెప్పాను. ఫ్యాక్టరీవాళ్ళకి ఎలాగూ తెలుసు, మిగతా అందరికీ అదే చెప్పాను.

ఆ మాటలే, ఆ వరసలోనే నువ్వూ రాశావు. జలుబు. గాబరా పడకు. చిన్నప్పుడు తినకూడనిది ఏదైనా నోట్లో వేసుకుంటే బుగ్గలో దాచి నవ్వేదానివి. అప్పుడు వేలు పెట్టి తీసేదాన్ని. ఇప్పుడు నా వేలు అంత దూరం రాదు. నువ్వే బయటపెట్టు.

అమ్మమ్మ

*

గది నుంచి

అమ్మమ్మా,

బయటపెడుతున్నాను.

కుండలోకి ఆవిరి వదిలే గొట్టం బిగింపు జారింది. నేను దగ్గరే ఉన్నాను. పరిగెత్తాల్సింది. వాల్వు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కట్టేసి బయటికొచ్చాను. నిజం చెబుతున్నా, తాత గురించి నాకప్పుడు ఏమీ తెలీదు. ఆసుపత్రిలో ఉంచి చూశారు. ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. మళ్ళీ చూపించుకోమంటే వెళ్ళి చూపించుకున్నాను, అప్పుడూ అదే మాట. కళ్ళు తేటపడ్డాయి. ఇదంతా నిజం, బుగ్గలో ఇంకేం లేదు.

పాడైంది వేరే. మర్నాడు కింది అంతస్తు తలుపు పిడి పట్టుకున్నాను. చెయ్యి తిరగలేదు. ఆ తర్వాత రోజు కూడా అంతే. సారు మంచివారు, "కంప్యూటర్ పని చేసుకో, కుండ ఇంకొకరు చూస్తారు" అన్నారు. ఆ ఇంకొకరు వడగళ్ళు చూస్తారు, నేను అంకెలు చూస్తాను. అలా ఇక్కడ కూర్చోవడం కన్నా ఇంటికొచ్చేయడం నయమనిపిస్తోంది. ఎవరినడిగినా నాకు సర్దిచెబుతున్నారు. నువ్వు సర్దిచెప్పవు. నువ్వు రమ్మంటే రేపే బయల్దేరతాను. నువ్వే చెప్పు.

ఉడత

*

ఇంటి నుంచి, మేడ మీద

ఉడతా,

"రా" అని ఒక్క అక్షరం రాశాను మొదట. దానికన్నా చిన్న ఉత్తరం ఉండదు. కవరులో పెట్టాను. అంటించే ముందు తీసి చూసుకున్నాను. ఆ కాగితం మీద ఎవరో వెచ్చగా ఊదినట్టనిపించింది.

నువ్వు రావాలనే నాకుంది. నువ్వు వెళ్ళిన రోజు నుంచీ ఉంది. పక్క కూడా దులిపి ఉంచాను. కానీ అడిగావు కాబట్టి ఇది కూడా విను.

మీ తాత పోయాక కొత్త ఆపరేటర్‌ని పెట్టారు. ఇంత మీసం, భుజాన కండువా, చూస్తే జడుసుకోవాలి. పొద్దున్నే వత్తి అంటించి గుమ్మం దగ్గర నిలబడేవాడు. వత్తి అయిపోయేది. ఇంకోటి అంటించేవాడు. కాళ్ళు లోపలికి పడేవి కావు. మా గది గుమ్మంలోంచి నాకు కనబడేది. ఒకరోజు వెళ్ళి "ఏం తమ్ముడూ, దీపం పెడుతున్నావా, తిరుగుతావా?" అన్నాను. మీసం వణికింది. "అక్కా, అన్నగారే పోయాక నేనెంత" అన్నాడు. నాకేం పూనిందో తెలీదు. చువ్వ తీసుకుని, మేకు మీది తువ్వాలు ముక్కుకి చుట్టుకుని, ఎడమచెయ్యి గోడకి ఆనించి లోపలికి నడిచాను. అతను నా కొంగు చివర పట్టుకుని నడిచాడు, అంత మీసమూనూ. గొట్టాల మీద మంచు అలాగే ఉంది. నా అక్షరాలు లేవు. ఒకచోట తెల్లగా లేచింది. "దొరికావే దొంగా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అతను బిగించాడు. కొన్నాళ్ళు అలాగే తిరిగాం. తర్వాత అతను కొంగు వదిలేశాడు.

భయం పోయి వెళ్ళాననుకునేవు. లేదు, గుండె నోట్లోకొచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉంది. భయం తగ్గాక వెళ్దామనుకుంటే నేనింకా ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉండేదాన్ని, మీ అమ్మ ఆ గోడ వంక చూడకుండా పెరిగేది.

అక్కడ రోజూ పొద్దున్నే గొట్టాలు చూసేవాళ్ళున్నారా? లేకపోతే నువ్వు చూడు. ఒక్కదానివి వెళ్ళకు, ఎవరిదైనా కొంగో కోటో పట్టుకో. తువ్వాలు పెట్టు. మీ సారు వీటికి ఒప్పుకోకపోతే మళ్ళీ నన్ను అడగనక్కర్లేదు, వచ్చెయ్, తలుపు తీసే ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం ఒకసారి గోడకి చెయ్యానించి నడిచి చూడు. గుమ్మానికే తేలతావు, ఎక్కడికీ పోవు. అప్పుడు రావాలనిపిస్తే రా.

ఇది రాసినందుకు ఇవాళ నాకు నిద్ర పట్టదు. త్వరగా రాయి.

అమ్మమ్మ

*

ప్రయోగశాల, కింది అంతస్తు

అమ్మమ్మా,

పైన రాసిన చోటు చూశావుగా. కింది అంతస్తు.

ఇక్కడ నిప్పు అంటించనివ్వరు. వత్తికి బదులు చేతిలో పట్టుకునే చిన్న పెట్టె ఇస్తారు, అమోనియా తగిలితే కూస్తుంది. దాన్ని అప్పుడప్పుడు తిప్పేవాళ్ళం. ఇక రోజూ పొద్దున్నే తిప్పాలన్నాను. సారు ఒప్పుకున్నారు. మొదటిరోజు ఆయనే వచ్చారు. నేను ఆయన కోటు వెనక పట్టుకున్నాను. "ఏంటమ్మా ఇది?" అన్నారు. "మా ఇంటి పద్ధతి సార్" అన్నాను. గోడకి చెయ్యానించి నడిచాం. నా గుండె కూడా నోట్లోకొచ్చింది. గుమ్మానికే తేలాను. నిన్న కోటు వదిలేశాను. మాకు మంచి మాస్కులున్నాయి, అయినా గుమ్మం పక్కన మేకు కొట్టించి తువ్వాలు వేశాను. అందరూ చేతులు తుడుచుకుంటున్నారు దాంతో. అలాగైనా తడిగా ఉంటోంది.

ఇవాళ ఆవిరి వదిలాం. గాజు కిటికీ దగ్గర నేనే ఉన్నాను. మంచు గింజలు మొదట పూసల్లా మెరుస్తున్నాయి. నెమ్మదిగా మెరుపు పోయింది. అంచులు మెత్తబడ్డాయి. నీళ్ళు రాయిలా ఉండాల్సినంత చలిలో అవి తడిబారి, ఒకదాన్నొకటి అంటుకున్నాయి. మింగాయి అమ్మమ్మా! ఒక్కసారి చూసినంత మాత్రాన రుజువైనట్టు కాదు, చాలాసార్లు చెయ్యాలి. కానీ అందులో ఒకటి కాస్త పెద్దది, నడిమధ్యన తెల్లగా చార. "లోపల మబ్బు ఇరుక్కుంది" అని పైకే అన్నాను. సారు అదేం మాటని అడిగారు. మా అమ్మ మాటన్నాను.

ఉడత

*

ఇంటి నుంచి, వంటింట్లో

ఉడతా,

వడగళ్ళన్నావు, తల మీద ఏమన్నా కప్పుకున్నావా? కుండలోనే పడ్డాయని మీ అమ్మ అంటోంది. అయినా కప్పుకో.

నీ ఉత్తరం మీ అమ్మ చేతికిచ్చాను. దాని మాట అందులో ఉంది కదా, ఇవ్వకుండా ఎలా? ఇస్తే మిగతాది కూడా చెప్పాల్సొచ్చింది, నీ సంగతీ, మీ తాత సంగతీ. నీ సంగతికి ఏడ్చి, నన్ను తిట్టి, నీకు ఫోన్ చేసింది, ఆ తిట్లు నీకూ అందే ఉంటాయి. మీ తాత సంగతికి మాత్రం మిషన్ మీంచి తల కూడా ఎత్తలేదు. "నాకు తెలుసమ్మా" అంది.

"ఎప్పట్నించి?"

"నాన్న కళ్ళు చూశాను కదా."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేమే?"

"గుండె అని చెప్పుకుని నువ్వు కుదురుగా ఉన్నావు. అదీ లాగేస్తే ఇంకోటి పట్టుకుని భయపడతావని."

నాకు కోపమొచ్చింది. "గోడ చెమ్మెక్కుతోందని రోజూ సణుగుతావు కదే" అన్నాను. అప్పుడు తలెత్తింది. "సణిగితే? నువ్వు తడపడం మర్చిపోయిన రోజుల్లో ఆ తువ్వాలు ఎవరు తడుపుతున్నారనుకున్నావ్?" అంది.

అసలు నేను మర్చిపోతానని కూడా నాకు తెలీదు.

ఇవాళ మధ్యాహ్నం మబ్బు పట్టింది. బట్టలు తీద్దామని మేడెక్కాను. కింద ముదురుగా ఒకటి, దాని మీద బూడిదరంగుది, ఆ పైన ఎక్కడో ఎండ తగిలి తెల్లగా ఇంకోటి. అంతస్తులున్నాయే! ఇన్నేళ్ళు ఒక్కటే అనుకున్నాను. చూస్తూ నిలబడ్డాను. మీ తాత ఉంటే ఎక్కడినుంచి కారుతోందో చూసి "దొరికావే దొంగా" అనేవారు. నేనే అన్నాను. చినుకులు పడ్డాయి. బట్టలన్నీ తడిశాయి, మీ అమ్మ కుట్టిన కొత్త లంగాతో సహా. అది తిడుతూనే పైకొచ్చి, నా పక్కన నిలబడింది.

ఇద్దరికీ జలుబు చేసింది. నిజం జలుబే. గాబరా పడకు.

అమ్మమ్మ